తులసీదాస్ బలరామ్: జమాఖర్చులకు లొంగని ఆట
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసపాఠము)



గ్రంథాలయోత్సవములందు కవులనుగూర్చియు, దేశభక్తులనుగూర్చియు, పుణ్యపురుషులనుగూర్చియు ప్రసంగించుట ఆచారము. నేటి ప్రసంగమునకు వస్తువు ఒక ఫుట్‌బాల్ ఆటగాడు. ఇది పెద్దలకు కొంత వింతగా తోచవచ్చును. కాని ఒకప్పుడు ఊరి భూముల లెక్క కరణము దస్త్రమున నుండెడిది. ఊరు మఱవరాని మనుష్యుల లెక్క ఉండదగిన తావు గ్రంథాలయము. 1914లో బెజవాడ పట్టణమున ఆంధ్రదేశ గ్రంథాలయముల తొలి మహాసభ జరిగిన నాటినుండి కృష్ణాతీరమున ఊరూర వెలసిన గ్రంథాలయములు ఆ పనినే చేయుచు వచ్చినవి. ఆ లెక్కలో ఇంకను చేరవలసిన పేరొకటి కలదు. ఆ పేరు తులసీదాస్ బలరామ్.

డెల్టా గ్రామములలో పిల్లలకు చెడుగుడు తెలియును, గోటీబిళ్ళ తెలియును. కోతలైన పిదప ఎండిన మడిచెక్కలలో క్రికెట్టాడని పల్లె నేడు లేదు. కాలితో ఆడు బంతియాట మాత్రము మనకు కొంత దూరపుచుట్టము. అందుచేతనే ఒకప్పుడు యావద్భారతమునకు ఫుట్‌బాల్ గురుపీఠము హైదరాబాదు నగరమై యుండెనన్న మాట మనవారిలో పెక్కురకు తెలియదు. 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశము అవతరించినది. ఆ నెలలోనే మెల్‌బోర్న్ నగరమున ఒలింపిక్ క్రీడలు ప్రారంభమైనవి. ఆ క్రీడలకు వెళ్ళిన భారత ఫుట్‌బాల్ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, పీటర్ తంగరాజ్, బలరామ్ మొదలగువారు హైదరాబాదు, సికింద్రాబాదు మైదానములలో కాళ్ళు అరగదీసికొని ఎదిగినవారు. 2014 తరువాత ఆ నగరము తెలంగాణమున చేరినది. రాష్ట్రపు హద్దులు మారవచ్చును గాని, ఆ కీర్తి తెలుగునాటికంతటికిని చెందినది.

ఆ గురుపీఠమున కూర్చున్నవారు సయ్యద్ అబ్దుల్ రహీంగారు. వీరు 1909లో హైదరాబాదులో జన్మించిరి, వృత్తిచే ఉపాధ్యాయులు. వీరి శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు బొంబాయిలో జరుగు రోవర్స్ కప్పును 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదుమాఱులు గెలిచెను. 1951లో ఢిల్లీయందు జరిగిన తొలి ఆసియా క్రీడలలో భారతజట్టు బంగారు పతకము పొందినప్పుడు శిక్షకులు వీరే. మఱుసటి యేడు హెల్సింకీ ఒలింపిక్సులో మనవారు పలువురు వట్టికాళ్ళతో ఆడి యుగోస్లావియా చేతిలో పదింటికి ఒకటిగా ఓడిపోయిరి. ఆ పరాభవమునుండి రహీంగారు నేర్చిన పాఠము గొప్పది. కాళ్ళకు బూట్లు వేసికొన్నంత మాత్రమున చాలదు. పదునొకండుగురు ఒక్క బుద్ధితో ఆడవలెను. బంతిని తనయొద్ద నిలుపుకొని మెప్పు పొందుటకంటె, వేళకు తోటివానికి అందించుట మేలు. వారి బడిలో మొదటి పాఠమును చివరి పాఠమును ఇదియే.

ఈ పాఠమును ఒంటబట్టించుకొన్న శిష్యుడు బలరామ్. ఇతడు 1936లో సికింద్రాబాదు దండు ప్రాంతమునందలి అమ్ముగూడ గ్రామములో, తమిళదేశమునుండి వచ్చి స్థిరపడిన ఒక పేద కుటుంబమున జన్మించెను. కుఱ్ఱవాడు చదివి గుమాస్తా కొలువు సంపాదించిన చాలునని తల్లి కోరిక. కుఱ్ఱవాని మనస్సు బంతి వెంబడి పోయినది. ఇతని ఆటను రహీంగారు చూచి హైదరాబాదునకు వచ్చి అభ్యాసము చేయుమనిరి. అమ్ముగూడకును నగరమునకును నడుమ దూరమెక్కువ. ఇంటిలో సైకిలు లేదు. అద్దెకు తెచ్చుకొందమన్న చేతిలో డబ్బు లేదు. గురువుగారే ఆ అద్దె డబ్బులిచ్చి శిష్యుని రప్పించుకొనిరి. గురుదక్షిణ శిష్యుడు గురువునకిచ్చుట లోకాచారము. ఇచ్చట గురువే ముందుగా శిష్యునకు దక్షిణ ఇచ్చెను. శిష్యుడు ఆ ఋణమును తరువాతి ఏడేండ్లలో దేశమునకు తీర్చెను.

1956, 1957 సంవత్సరములలో రాష్ట్రజట్ల మధ్య జరుగు సంతోష్ ట్రోఫీని హైదరాబాదు జట్టు వరుసగా రెండుమాఱులు గెలిచినది. ఆ జట్టు ఆటలోనే బలరాముని పేరు దేశమునకు తెలిసెను. ఇరువదియేండ్ల ప్రాయమున అతడు మెల్‌బోర్నునకు పయనమయ్యెను. అచ్చట భారతజట్టు ఆతిథేయులైన ఆస్ట్రేలియావారిని నాలుగింటికి రెండుగా ఓడించెను. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోలులు చేసెను. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనలు చేరిన తొలి ఆసియా దేశము భారతదేశమే. అచ్చట మరల యుగోస్లావియాయే ఎదురైనది. తొలిగోలు మనవారే చేసిరి. తుదకు నాలుగింటికి ఒకటిగా ఓడిరి. నాలుగేండ్ల క్రిందట పది గోలులు చేసి నవ్విన జట్టు ఈమాఱు కొంతసేపు వెనుకబడి చెమటోడ్చవలసి వచ్చినది. మూడవ స్థానమునకు జరిగిన పోటీలో బల్గేరియా గెలిచెను. మనకు నాల్గవ స్థానము దక్కెను. భారత ఫుట్‌బాలు అంతకు మించిన ఒలింపిక్ స్థానమును నేటివరకు పొందలేదు.

ఇచ్చట ఆ కాలపు ఆట తీరును కొంచెము చెప్పుట అవసరము. నాడు ఒక్కొక్క జట్టునకు ముందువరుసలో ఐదుగురుండెడివారు. మైదానపు రెండంచులవెంబడి పరుగెత్తువారిద్దఱు. నట్టనడుమ గోలునకు గురిపెట్టువాడొకడు. ఈ నడిమివానికిని అంచులవారికిని మధ్య చెఱియొకడు. ఈ కడపటి ఇద్దఱిని ఇన్‌సైడ్ ఫార్వర్డులందురు. వెనుకనుండి బంతిని అందుకొని, ఎవనికి దారి తెఱచియున్నదో కనిపెట్టి, వానికి చేర్చుట వీరి ప్రధానవిధి. తరువాతి కాలమున రహీంగారు వెనుక నలుగురు, నడుమ ఇద్దఱు, ముందు నలుగురు అను కొత్త పన్నుగడను కూడ మనవారికి నేర్పిరి. బలరాముడు ఎడమప్రక్క ఇన్‌సైడుగా ఆడెను. ఎడమ అంచున ఆడెను. అవసరమైన నాడు నడుమను ఆడెను. ఏ చోట నిలుపుదురో ఆ చోట నిలిచెను. ఇది నా స్థానము, ఇది కాదు అని తగవుపడిన వాడు కాడు.

ఈ పనియొక్క విలువ డెల్టావాసులకు తెలిసినంతగా ఇతరులకు తెలియదు. 1855లో పూర్తియైన పాత ఆనకట్టకు మారుగా 1957లో ప్రకాశం బ్యారేజి విజయవాడయొద్ద వెలసినది. బ్యారేజి తాను ఒక్క గింజయు పండింపదు. నదిని నిలిపి, తూర్పుకాలువలకింత, పడమటికాలువలకింత అని పంచును. పంట రైతు పొలమున పండును. ధాన్యపు లెక్క రైతు పేరనే వ్రాయబడును. ఐనను తలుపులు వేళకు ఎత్తకున్నచో కాలువ చివరి చేను ఎండునని ఎఱుగని రైతు లేడు. భాగవత దశమస్కంధమున బలరాముడు నాగలికొనతో యమునను తనకడకు లాగిన కథ మన పెద్దలకు కంఠస్థము. అమ్ముగూడ బలరాముడును అట్టివాడే. ఆటయనెడి ప్రవాహమును తనవైపు త్రిప్పుకొని, తోటివారి పాదములకు పాఱించినవాడు.

1957లో అతడు కలకత్తా చేరి ఈస్ట్ బెంగాల్ క్లబ్బున ప్రవేశించెను. నాడు కలకత్తాలో ఫుట్‌బాల్ ఆటగాడనగా మన తిరునాళ్ళలో పద్యనాటకపు నటునివంటివాడు. గెలిచిన భుజములపై నెత్తుకొందురు, ఓడిన దారి విడువరు. బెంగాలీ భాష రాని ఇరువదియొక్క యేండ్ల కుఱ్ఱవాడు అట్టి జనసముద్రమున నిలదొక్కుకొనుట సామాన్యము కాదు. ఈస్ట్ బెంగాల్ జట్టు 1952 తరువాత కలకత్తా లీగు విజయమును ఎఱుగక యుండెను. 1961లో బలరాముడు నాయకుడైన యేడు ఆ తొమ్మిదేండ్ల కఱవు తీఱినది. ఆ సంవత్సరము లీగులో ఇరువదిమూడు గోలులతో అతడే అందఱికంటె మిన్నగా నిలిచెను. పంచిపెట్టుటయే గాని పండించుట ఇతనికి రాదేమో యనువారికి ఈ యంకెయే సమాధానము. అవసరమైనప్పుడు పండించెను, అవసరము లేనప్పుడు పంచెను.

1960లో రోము నగరపు ఒలింపిక్సు వచ్చినవి. మన వంతునకు హంగెరీ, ఫ్రాన్సు, పెరూ దేశముల జట్లు పడినవి. హంగెరీ నాటి యూరపులో మేటిజట్లలో ఒకటి. తరువాత 1967లో యూరపు ఉత్తమ క్రీడాకారుడుగా ఎన్నికైన ఫ్లోరియన్ ఆల్బర్ట్ ఆ జట్టులో ఆడెను. మనవారు రెండు గోలుల వెనుకబడియున్న వేళ బలరాముడొక గోలు చేసెను. ఆట రెండింటికి ఒకటిగా ముగిసెను. ఆ హంగెరీ జట్టే ఆ క్రీడలలో కంచు పతకము పొందినది. ఫ్రాన్సుపై పి.కె. బెనర్జీ గోలు చేసి మనకు ఆధిక్యము తెచ్చెను. కాని తుదిఘడియలలో ఫ్రాన్సువారు సరిచేసిరి. పెరూ చేతిలో మూడింటికి ఒకటిగా ఓడితిమి. ఆ ఒక్క గోలును బలరామునిదే. గెలుపు లేని క్రీడలవి. ఐనను ఆ మూడాటలలో భారతజట్టు చేసిన మూడు గోలులలో రెండు ఇతనివి. పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, బలరామ్ అను ముగ్గురిని త్రిమూర్తులని దేశము పిలువసాగెను.

త్రిమూర్తుల మహిమ సంపూర్ణముగా వెల్లడియైనది 1962లో, ఇండోనేషియా రాజధాని జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలలో. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా మనవారిని రెండు గోలులతో ఓడించెను. పిమ్మట థాయిలాండును నాలుగింటికి ఒకటిగా గెలిచిరి; ఆ ఆటలో జర్నైల్ సింగ్ తలకు దెబ్బతగిలి కుట్లు పడెను. జపానుపై గెలుపు రెండు గోలులతో. ఒకటి బెనర్జీది, రెండవది బలరామునిది. సెమీఫైనలులో దక్షిణ వియత్నామును మూడింటికి రెండుగా దాటిరి. ఆ దినములలో రహీంగారి శరీరమున క్యాన్సరు వ్యాధి ముదురుచుండెను. వెనుకవరుసలో నిలువవలసిన జర్నైల్ సింగును, తలకు కట్టుతోనే, ముందువరుసకు పంపిన యుక్తి ఆ రోగపీడితుని మేధ నుండి పుట్టినదే.

సెప్టెంబరు 4వ తేదీన ఫైనలు. ఎదుట మరల కొరియా. ఇజ్రాయెల్, తైవాన్ దేశములకు ఆహ్వానము లేకపోవుటను భారత ప్రతినిధి యొకరు ఆక్షేపించినందున ఆ నగరమున మనవారిపై ఆగ్రహము ప్రబలియుండెను. మైదానమునకు వచ్చిన జనసమూహము ఆట ఆసాంతము మనజట్టును గేలిచేయుచునే యుండెను. అట్టి హోరులో బెనర్జీ ఒక గోలు, జర్నైల్ సింగ్ ఒక గోలు చేసిరి. కొరియా ఒకటి తిరిగి చేయగలిగెను. రెండింటికి ఒకటిగా బంగారు పతకము మనదైనది. గోలునకు కాపుండిన తంగరాజ్, ముందువరుసలోని యూసుఫ్ ఖాన్, బలరాముడు, వీరిని తీర్చిన రహీంగారు, ఇందఱును ఒక్క నగరపు మట్టిలో ఆట నేర్చినవారు. ఆనాటి గోలుల పద్దులో బలరాముని పేరు లేదు. ఎడమప్రక్క తెఱపిలేకుండ ఆడి కొరియా రక్షకులను తనవెంట త్రిప్పుకొన్న పని పద్దునకెక్కదు. ఆసియా క్రీడలలో భారత ఫుట్‌బాలునకు బంగారము మరల దక్కలేదు. ఆ యేటనే బలరామునకు అర్జున పురస్కారము లభించెను.

ఆ విజయము గడచిన పది నెలలలోపుననే, 1963 జూనులో రహీంగారు పరలోకగతులైరి. ఆ సంవత్సరముననే శిష్యుడును మైదానమును విడువవలసి వచ్చినది. బెంగాల్ నాగపూర్ రైల్వే జట్టున చేరిన కొలదికాలమునకే ఊపిరితిత్తుల వ్యాధి సోకి, పరుగు మానుమని శరీరమే ఆజ్ఞాపించెను. అప్పటికి అతని వయస్సు ఇరువదియేడుకు మించదు. పొట్టకఱ్ఱ మీదనున్న చేనిపై వరద పాఱినట్లైనది. పండవలసిన పంట ఎంతయో ఎవరు చెప్పగలరు?

ఇచ్చట ఇంగ్లండు దేశపు ముచ్చట యొకటి చెప్పవలెను. అచ్చట స్టాన్లీ మాథ్యూస్ అను అంచు ఆటగాడుండెను. 1953లో లండనునందలి వెంబ్లీ మైదానమున బ్లాక్‌పూల్, బోల్టన్ జట్ల మధ్య కప్పు ఫైనలు జరిగెను. మూడింటికి ఒకటిగా వెనుకబడిన బ్లాక్‌పూల్ జట్టు తుదకు నాలుగింటికి మూడుగా గెలిచెను. ఆ నాలుగింటిలో మూడు గోలులు మార్టెన్‌సన్ అనువానివి. మాథ్యూస్ ఒక్కటియు చేయలేదు. ఐనను లోకము ఆ ఆటకు మాథ్యూస్ ఫైనలని పేరుపెట్టినది. ఏలయన, అంచున రక్షకులను చీల్చుకొని పోయి చివరి గోలునకు బంతినందించినవాడు అతడే. మాథ్యూస్ ఏబదియేండ్ల ప్రాయము వరకు ఆడెను. ఆడుచుండగనే, 1965లో, అతనికి ఆ దేశపు రాణి సర్ బిరుదము నొసంగెను. ఇచ్చినవానిని గుర్తించు కన్ను ఆ దేశమునకు ఆనాడు ఉండెను.

మన దేశపు లెక్క వేఱుగా సాగినది. త్రిమూర్తులలో చునీ గోస్వామికి 1983లోను, పి.కె. బెనర్జీకి 1990లోను పద్మశ్రీ వచ్చినది. అవి ముమ్మాటికి తగిన గౌరవములే. మూడవవానికి మాత్రము అది రాలేదు. వ్యాధిచే ఆట విడిచిన పిదప అతడు హైదరాబాదునకు మరలి రాలేదు. వివాహమాడక, కలకత్తాకు సమీపమున, గంగకు శాఖయైన హుగ్లీ నది యొడ్డునగల ఉత్తరపాడ పట్టణమున నివసించెను. పిల్లలకు ఆట నేర్పెను. జాతీయజట్టు ఎంపికలో పాల్గొనెను. తన మనస్సులోని నొప్పిని అడిగినవారితో దాచక చెప్పెను గాని, బిరుదము కొఱకు ఎవరి వాకిటను నిలువలేదు. 2020 మార్చిలో బెనర్జీ, ఏప్రిల్‌లో గోస్వామి కన్నుమూసిరి. 2023 ఫిబ్రవరి 16వ తేదీన, ఎనుబదియాఱేండ్ల ప్రాయమున, బలరాముడును వెళ్ళిపోయెను. పుట్టిన నేలయందు ఆనాడు ఎందఱు ఆ వార్త చదివి నిలిచిరో చెప్పుట కష్టము.

సభాసదులారా! జమాఖర్చుల పుస్తకమున వచ్చినది ఒకవైపు, పోయినది మఱియొకవైపు వ్రాయుట పద్ధతి. ఆటలోను అంతే. గోలు చేసినవాని పేరు, చేసిన నిమిషముతోసహా వ్రాయబడును. దానికి ముందు బంతినందించినవాని పేరునకు ఆ కాలపు పట్టికలలో గడియే లేదు. లెక్క వ్రాయువాడు మోసగాడు కాడు; పుస్తకమునకే ఆ నిలువుగీత లేదు. లోపము గీతలోనున్నది. ఊరిలోను ఈ లోపమున్నది. సంఘమునకు అధ్యక్షుడైనవాని పేరు శిలాఫలకమున చెక్కబడును. సాయంకాలము దీపము వెలిగించి, చదువరాని ముదుసలికి పత్రిక చదివి వినిపించి, చిరిగిన పుస్తకమునకు అట్టవేసినవాని పేరు చెక్కబడదు. ఇరువదియైదేండ్లు ఈ గ్రంథాలయము నిలిచినదనగా అట్టివారు ఈ ఊర ఎందఱో ఉండిరన్నమాట.

ఇందఱు యువకులు ఈ సభలో కూర్చుండియున్నారు. వీరిలో ఆటగాండ్రు కలరు, చదువరులు కలరు. ఇకమీద ఏ ఆటయందైనను గోలు పడినప్పుడు, దానికి ముందటి పాదము ఎవరిదని అడుగుట అలవాటు చేసికొందురు గాక. ఏ పని నెగ్గినను, దాని వెనుక చేయి ఎవరిదని వెదకుదురు గాక. ఈ రజతోత్సవ సందర్భమున గ్రంథాలయమువారు క్రీడలకు ఒక అల్మారా కేటాయించి, అందు రహీంగారినిగూర్చియు, వారి శిష్యులనుగూర్చియు దొరికినంత చేర్చినచో, అమ్ముగూడనుండి అద్దెసైకిలుపై అభ్యాసమునకు వచ్చిన ఆ కుఱ్ఱవాని పద్దు మన ఊరి దస్త్రమున జమపడును. బిరుదము నిచ్చు అధికారము ఊరికి లేదు. జ్ఞాపకముంచుకొను అధికారము ఊరిదే. దానిని ఎవరును తీసివేయలేరు.

స్వస్తి.